హెచ్చరిక అందితే చాలదు, అర్థం కావాలి

‘కోస్తాంధ్రలో ఒకటి రెండు చోట్ల భారీ నుంచి అతి భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది. గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయి.’ వానాకాలంలో ఇలాంటి ప్రకటన వినని తెలుగు ఇల్లు ఉండదు. ఇందులో ప్రతి ముక్కకూ వాతావరణ శాఖ దగ్గర కచ్చితమైన కొలత ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా కురిస్తే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. అంతకు మించితే అత్యంత భారీ. ‘ఒకటి రెండు చోట్ల’ అన్నది కూడా ఊరికే అన్న మాట కాదు. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని దాని లెక్క. ‘చాలా చోట్ల’ అంటే సగానికి పైగా కేంద్రాల్లో, ‘దాదాపు అన్ని చోట్ల’ అంటే మూడొంతులకు పైగా కేంద్రాల్లో అని అర్థం. చెప్పేవారికి ఇంత స్పష్టంగా ఉన్న వాక్యం, వినేవారి దాకా వచ్చేసరికి ‘ఎక్కడో గట్టి వాన పడుతుందట’గా మిగులుతోంది. మా వీధిలోకి నీళ్లొస్తాయా, కోసిన వరి పనలు ఈ రాత్రికే ఎత్తుకోవాలా, రేపు పిల్లల్ని బడికి పంపవచ్చా అన్న ప్రశ్నలకు అందులో జవాబు దొరకదు. వాతావరణాన్ని ముందుగా పసిగట్టే శాస్త్రం మన దేశంలో చాలా దూరం వచ్చింది. పసిగట్టినదాన్ని మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పే పని మాత్రం ఇప్పటికీ ఎవరి బాధ్యతా కాకుండా ఉండిపోయింది. ఇక మీదట ప్రాణాలూ పంటలూ ఎక్కువగా పోయేది ఈ ఎడంలోనే. కాబట్టి అంచనా వేయడం ఎంత ప్రజాసేవో, దాన్ని వివరించడమూ అంతే ప్రజాసేవ అని ప్రభుత్వాలు గుర్తించాలి. ఆ పనికి మనుషులనూ డబ్బునూ కేటాయించాలి, జవాబుదారీనీ స్థిరపరచాలి.

ముందుగా సాధించినదాన్ని ఒప్పుకోవాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన తుపాను, ఐదు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెనతో సుమారు పది వేల మందిని పొట్టన పెట్టుకుంది. 1990 మే నెలలో మరో పెను తుపాను అదే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటినప్పుడు మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. లోతట్టు గ్రామాలను ముందే ఖాళీ చేయించడం అందుకు ముఖ్య కారణం. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన సూపర్ సైక్లోన్ మళ్లీ పది వేల ప్రాణాలు తీస్తే, 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన పైలిన్‌లో మరణాలు పదుల్లోనే ఉన్నాయి. ఆనాడు సుమారు పది లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. 2014లో హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం నగరాన్నే ఢీకొట్టింది. అక్కడి రాడార్ సైతం ఆ గాలికి దెబ్బతింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో ప్రాణనష్టం పదుల సంఖ్య దాటలేదు. తుపాను కేంద్రం ఎక్కడ ఉంటుందో 24 గంటల ముందు చెప్పడంలో సగటు తప్పు రెండు దశాబ్దాల కిందట వంద కిలోమీటర్లకు పైనే ఉండేది. ఇప్పుడది 80 కిలోమీటర్ల లోపునకు వచ్చింది. విశాఖలో తుపాను హెచ్చరికల కేంద్రం, మచిలీపట్నం వంటి చోట్ల డాప్లర్ రాడార్లు, హైదరాబాద్‌లో సముద్రం పోకడలను గమనించే ఇన్‌కాయిస్, తెలంగాణ అంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పనిచేస్తున్నాయి. కొలిచే పనిలో మనకు పెద్ద లోటు లేదు.

అయితే తుపాన్లలో ప్రాణాలు దక్కింది అంచనా ఒక్కదాని బలంతోనే కాదు. అక్కడ అంచనాకూ ఆచరణకూ మధ్య మనుషులు నిలబడ్డారు. తహసీల్దారు కార్యాలయం నుంచి గ్రామంలోని కిందిస్థాయి ఉద్యోగి దాకా ఇంటింటికీ వెళ్లి ‘సాయంత్రం ఆరింటిలోగా బయలుదేరండి, బడి దగ్గర బస్సు ఉంది, షెల్టర్‌లో అన్నం వండుతున్నారు’ అని చెప్పారు. గాలి వేగం ఎంతో ఆ ఇంటి ఇల్లాలికి తెలియకపోయినా ఏం చేయాలో తెలిసింది. అలా చెప్పే మనిషి లేని ఆపదల్లో కథ వేరుగా ఉంది. 2015 మే నెలాఖరున వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులే. ఎండలు ముదురుతాయని ముందే తెలుసు, పత్రికల్లో రోజూ పట్టికలు వచ్చాయి. కానీ 44 డిగ్రీలన్న అంకె చూసి ఉపాధి కూలీ, ఆటో డ్రైవరు, ఒంటరి వృద్ధురాలు ఏం గ్రహించాలి? అంకె ఒక్కటే చెబితే తప్పుడు ధైర్యం కలిగే ప్రమాదమూ ఉంది. ఒంట్లో వేడిని బయటికి పంపేది చెమట ఆరడమే. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు. అందుకే రామగుండంలోని 43 డిగ్రీల పొడి ఎండ కంటే, మచిలీపట్నంలోని 39 డిగ్రీల ఉక్కపోత కొన్నిసార్లు శరీరానికి పెద్ద ముప్పు కావచ్చు. మైదానాల్లో వడగాడ్పుల ప్రకటనకు కనీసం 40 డిగ్రీలు కావాలంటూ, తీరంలో 37 డిగ్రీలకే ఆ హద్దు పెట్టడం వెనక ఉన్న కారణం ఇదే. ఈ ఒక్క సంగతి తీరప్రాంత ప్రజలకు విడమరిచి చెబితే, ‘మన దగ్గర ఇంకా నలభై దాటలేదు కదా’ అన్న భరోసాతో మిట్టమధ్యాహ్నం పనికి వెళ్లేవారు తగ్గుతారు. పిడుగుల సంగతీ అంతే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. ఫోన్‌కు హెచ్చరిక సందేశం వస్తోంది. ఉరుము చెవిన పడిందంటే పిడుగు మన మీద పడగలిగేంత దగ్గరలోనే ఉన్నట్టని, చెట్టు నీడ ఆశ్రయం కాదు ఆపదేనని, పక్కా కట్టడంలోకో వాహనంలోకో వెళ్లాలని పొలంలో నాట్లు వేసే మనిషికి ముందుగా తెలిస్తేనే ఆ సందేశానికి విలువ.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడ చూసిన విపత్తు ఈ ఎడాన్ని మరింత స్పష్టంగా చూపింది. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చింది. ఎన్టీఆర్ జిల్లాలో పలుచోట్ల ఒక్క రోజులో 20 సెంటీమీటర్లకు మించి కురిసింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద పారింది. అది బ్యారేజీ చరిత్రలోనే రికార్డు. బుడమేరు మళ్లింపు కాలువ ఉన్నదే ఆ వాగు నీటిని కృష్ణలోకి పంపడానికి. కృష్ణ నిండుగా పారుతుంటే ఆ నీరు నదిలోకి దిగలేదు, వెనక్కి తంతుంది. ఆ ఒత్తిడికి గట్లు తెగితే నీరు వచ్చిపడేది సింగ్‌నగర్, పాయకాపురం వంటి లోతట్టు కాలనీల మీదికే. ‘అత్యంత భారీ వర్షం’ అన్న ప్రకటన, ‘ఎగువ నుంచి లక్షల క్యూసెక్కులు’ అన్న మరో ప్రకటన విడివిడిగా వెలువడ్డాయి. రెండూ ఒకే రాత్రి కలిస్తే మీ కాలనీలో ఇంటి మొదటి అంతస్తు దాకా నీళ్లు రావచ్చన్న మాట ఆ ఎర్ర రంగులో ఎక్కడా లేదు. అది వాతావరణ శాఖ ఒక్కటే చెప్పగల మాటా కాదు. వాన సంగతి ఒక శాఖకు, కాలువ సంగతి మరొక శాఖకు, కాలనీ ఎత్తుపల్లాలు నగరపాలక సంస్థకు తెలుసు. ముగ్గురి దగ్గరా ఉన్నదాన్ని కలిపి ఒక వాక్యంగా చెప్పే బాధ్యత ఎవరికీ లేదు. ఇది పేదరికం వల్ల వచ్చిన లోపమనీ అనుకోనక్కర్లేదు. ఆ తర్వాత రెండు నెలలకే, 2024 అక్టోబరు 29న, స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతంలో అక్కడి వాతావరణ సంస్థ ఉదయం ఎనిమిది కాకముందే రెడ్ అలర్ట్ ఇచ్చింది. ప్రాంతీయ ప్రభుత్వం ప్రజల ఫోన్లకు హెచ్చరిక పంపింది రాత్రి ఎనిమిది దాటాక. అప్పటికే వీధులు నదులయ్యాయి. రెండు వందల మందికి పైగా మరణించారు. ఐరోపాలో సూపర్ కంప్యూటర్లకు కొదవ లేదు. ఉదయం అందిన సమాచారం మధ్యాహ్నానికి ప్రజలకు అర్థమయ్యే మాటగా మారకపోవడమే అక్కడి లోపం.

మన తీరంలోనే దశాబ్దాలుగా పాతుకుపోయిన మరో అలవాటు చూడండి. తుపాను వచ్చిన ప్రతిసారీ విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం ఓడరేవుల్లో ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’, ‘పదో నంబరు ప్రమాద హెచ్చరిక’ ఎగరేశారన్న వార్త వస్తుంది. అంకె పెరిగిన కొద్దీ ముప్పు పెరుగుతుందని చదివేవారంతా అనుకుంటారు. మొదటి నుంచి నాలుగో నంబరు దాకా అది స్థూలంగా నిజమే. ఆపైన లెక్క వేరు. ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లు మూడూ పెను ప్రమాదాన్ని సూచించేవే. తుపాను ఓడరేవుకు ఏ పక్కగా తీరం దాటుతుంది, లేక ఓడరేవు మీదుగానే దాటుతుందా అన్నదే వాటి మధ్య తేడా. ఐదు, ఆరు, ఏడు నంబర్లదీ ఇదే పద్ధతి, తీవ్రత మాత్రం తక్కువ. పదకొండో నంబరైతే తుపాను బలానికే సంబంధించినది కాదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, ప్రమాదం పొంచి ఉందని అక్కడి అధికారి భావిస్తున్నారని దాని అర్థం. ఈ సంకేతాలు ఓడల కెప్టెన్ల కోసం ఏర్పడ్డాయి, వారికి అవి సరిగ్గానే పనిచేస్తాయి. వాటినే పత్రికలూ టీవీలూ ప్రజలకు నేరుగా వడ్డిస్తే, తొమ్మిదో నంబరు ఉన్న ఊరివారు పదో నంబరు ఊరి కంటే తాము కాస్త నయమనుకుంటారు. ఎవరి కోసమో తయారైన సమాచారాన్ని మరెవరికో అందించి, అందించాం కదా అనుకోవడం మన హెచ్చరికల వ్యవస్థకు పట్టిన పాత జబ్బు.

దీనికి మందు తెలియనిదేమీ కాదు. 2010 నాటి తీవ్ర వేసవి తర్వాత అహ్మదాబాద్ నగరపాలక సంస్థ, ప్రజారోగ్య నిపుణులతో కలిసి 2013లో వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. దక్షిణాసియాలో అదే మొదటిది. అందులో హెచ్చరికల్లోని ప్రతి రంగుకూ పనులు నిర్ణయించారు. ఏ స్థాయి ఎండకు ఏ ఆసుపత్రి వార్డు సిద్ధం కావాలి, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ బస్తీకి ఎవరు వెళ్లాలి అన్నది ముందే రాసుకున్నారు. ఈ ప్రణాళిక ఏటా సగటున 1,190 మరణాలను తప్పించి ఉంటుందని 2018లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. అక్కడ సూర్యుడి వేడి తగ్గలేదు, థర్మామీటర్లు మారలేదు. చెప్పే తీరూ, చెప్పాక చేసే పనీ మారాయి. బంగ్లాదేశ్‌ది మరింత పెద్ద ఉదాహరణ. 1970లో భోలా తుపాను అక్కడ కనీసం మూడు లక్షల మందిని బలిగొంది. ఆ అనుభవంతో 1972లో మొదలైన తుపాను సన్నద్ధత కార్యక్రమంలో నేడు 70 వేలకు పైగా స్వచ్ఛంద కార్యకర్తలున్నారు, వారిలో సగం మంది మహిళలు. జెండాలు, మెగాఫోన్లు పట్టుకుని సొంత ఊరి మాటలో చెబుతారు. 2020లో ఆంఫన్ వచ్చినప్పుడు ఆ దేశం ఇరవై లక్షల మందికి పైగా జనాన్ని తరలించింది, మరణాలు పదులకే పరిమితమయ్యాయి. ప్రపంచ వాతావరణ సంస్థ కూడా 2015 నుంచి ఇదే చెబుతోంది. వాతావరణం ఎలా ఉంటుందో చెప్పడంతో ఆగకుండా, అది ఏం చేస్తుందో చెప్పండని దాని సూచన. మన వాతావరణ శాఖ తుపాను బులెటిన్లలో పూరిళ్లు కూలతాయి, కరెంటు స్తంభాలు ఒరుగుతాయి, అరటి తోటలు దెబ్బతింటాయి అన్న సమాచారం ఉంటోంది. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాడ్పుల జాబితా ఇస్తోంది. ఇవి మంచి అడుగులే. ఆ జాబితా చూశాక ఆ మండలంలో ఎవరు ఏం చేయాలన్నదే ఇంకా కొరతగా ఉంది.

వ్యవసాయం దగ్గరికి వచ్చేసరికి ఉన్న వంతెననే మనం కూల్చుకున్నాం. నైరుతి రుతుపవనాలకు దేశ సగటు 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం కురిస్తే సాధారణ వర్షపాతం అంటారు. 2024లో 106 శాతం కురుస్తుందని అంచనా వేస్తే 108 శాతం కురిసింది. శాస్త్రం దృష్టిలో ఇది గొప్ప విజయం. కానీ ఏడాదంతా కలిపినా 55 సెంటీమీటర్ల దరిదాపుల్లోనే వాన పడే అనంతపురంలో, వేరుసెనగ ఊడలు దిగే వేళ ఇరవై రోజులు చినుకు రాలకపోతే, దేశ సగటుతో ఆ రైతుకు ఒరిగేదేమీ లేదు. అతనికి కావలసింది ఈ వారం విత్తాలా ఆగాలా, బెట్ట వస్తే ఏం చేయాలి అన్నది. ఆ సలహాను జిల్లా స్థాయిలో స్థానిక భాషలో తయారుచేసేందుకు కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు ఏర్పాటయ్యాయి. దేశంలో అలాంటి 199 విభాగాలను 2024లో మూసివేశారు. సమాచారమంతా యంత్రాల ద్వారానే వస్తోంది కదా, మనుషులు ఎందుకన్న ఆలోచన దాని వెనక ఉన్నట్టు వార్తలొచ్చాయి. తర్వాత పునరుద్ధరణ ప్రస్తావనా వినిపించింది. ఆ తర్కంలోనే లోపం ఉంది. యంత్రం గాలిలో తేమ చెబుతుంది. ఈ తేమకు నీ కంది చేలో పురుగు మందు కొట్టడం దండగ, రెండు రోజులు ఆగు అని చెప్పడానికి ఆ నేలా ఆ పంటా తెలిసిన మనిషి కావాలి. మృగశిర, ఆరుద్ర కార్తెల లెక్కతో తరతరాలుగా అదును చూసుకున్న రైతుకు, ఆ అదును ఎందుకు తప్పుతోందో అతని లెక్కలోనే చెప్పగలిగేవారు కావాలి.

వాతావరణ మార్పు, విద్యుత్తు విషయాల్లో వివరణ లేని లోటు ఇంకా ఎక్కువ. 2023నే తీసుకుంటే ఆ ఏడాది పసిఫిక్ మహాసముద్రపు ఉపరితల జలాలు వేడెక్కే ఎల్‌నినో బలపడింది. ఆగస్టులో దేశంలో 36 శాతం లోటు వర్షపాతం నమోదైంది. 1901 నుంచి చూస్తే ఆగస్టు నెలకు అదే అత్యల్పం. వాన లేక బోర్లు ఎక్కువసేపు నడిచాయి, ఉక్కపోతకు ఏసీలు ఆగలేదు. సెప్టెంబరులో దేశ విద్యుత్ డిమాండు 240 గిగావాట్లు దాటి అప్పటికి కొత్త రికార్డు సృష్టించింది. ఇలాంటి వేళల్లో జలాశయాలు నిండక జల విద్యుత్తు కూడా తగ్గుతుంది. విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) విద్యుత్ ఎక్స్చేంజీల్లో గరిష్ఠ ధర, అంటే యూనిట్‌కు 10 రూపాయల దాకా పెట్టి కొనవలసి వస్తుంది. ఆ భారమే తర్వాత ఎప్పుడో ట్రూ అప్ పేరుతోనో, ఇంధన సర్దుబాటు పేరుతోనో ఇంటి బిల్లులో ఒక వరుసగా ప్రత్యక్షమవుతుంది. ఎల్‌నినో వార్త విదేశీ శాస్త్ర వార్తగా, వాన లోటు వ్యవసాయ వార్తగా, బిల్లు రాజకీయ వార్తగా వచ్చాయి. మూడూ ఒకే గొలుసులోని లంకెలని పౌరుడికి ఎవరూ విప్పి చెప్పలేదు. చెప్పి ఉంటే బిల్లు మీద అడగవలసిన అసలు ప్రశ్నలు అతనికి దొరికేవి. మధ్యాహ్నం కర్నూలు సోలార్ పార్కు లాంటి చోట్ల పుష్కలంగా పుట్టే కరెంటు పొద్దుగూకగానే ఆగుతుంది. ఇళ్లలో వాడకం పెరిగేది ఆ వేళలోనే. అందుకే పగటి కరెంటుతో నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి విద్యుత్తు తీసే పద్ధతికి విలువ పెరిగింది. శ్రీశైలం ఎడమ గట్టు, నాగార్జునసాగర్ కేంద్రాల్లో అందుకు వీలైన టర్బైన్లు ఎప్పటి నుంచో ఉన్నాయి, నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు చేపట్టారు. మోటార్లకు పగటిపూటే కరెంటు ఇవ్వడం రైతు నిద్రకే కాదు, గ్రిడ్‌కూ మేలు చేసే రోజులివి. ఈ సంగతులు తెలిసిన వినియోగదారుడు ‘సౌర విద్యుత్తు చవకైతే నా బిల్లు ఎందుకు తగ్గడం లేదు, నిల్వ కోసం మీరేం చేస్తున్నారు’ అని విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణలో నిలదీయగలడు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. శాస్త్రాన్ని తేలిక చేస్తే కచ్చితత్వం పోతుందని శాస్త్రవేత్తలు భయపడతారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. ప్రతి కుండపోత వానకూ వాతావరణ మార్పే కారణమని కొందరు ప్రచారం చేస్తే, ఏ వానకూ దానితో సంబంధం లేదని మరికొందరు కొట్టిపారేస్తున్నారు. రెండూ తప్పే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. కాబట్టి కురిసినప్పుడు మరింత గట్టిగా కురిసే అవకాశాలు పెరుగుతాయి. ఫలానా రాత్రి ఫలానా వాగు పొంగడంలో దాని వాటా ఎంతన్నది విడిగా లెక్కగట్టవలసిన విషయం, వాగులో కట్టిన ఇళ్ల వాటా అందులో ఇంకా ఎక్కువ కావచ్చు. ఎల్‌నినో అయినా అంతే. దాని ప్రభావంతో 2009లో దేశంలో 22 శాతం లోటు ఏర్పడింది. అంతకంటే బలమైన ఎల్‌నినో వచ్చిన 1997లో రుతుపవనాలు మామూలుగానే సాగాయి. ముప్పు పెరుగుతుందని చెప్పాలే తప్ప కరవు ఖాయమని చెప్పకూడదు. ఇంత సూక్ష్మమైన తేడాను కూడా తేట తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. కచ్చితత్వాన్ని చెడగొట్టేది తేలిక మాట కాదు, తెలిసినవారి మౌనం. వారు చెప్పకపోతే ఆ ఖాళీలోకి ‘మహా ప్రళయం’ శీర్షికల యూట్యూబ్ వీడియోలు వస్తాయి. సొంత ఆసక్తితో వాతావరణం నేర్చుకుని, ఏ ప్రాంతంలో ఎన్ని గంటలకు వాన పడుతుందో సామాజిక మాధ్యమాల్లో చెప్పే యువకులను తెలుగు రాష్ట్రాల్లో లక్షల మంది అనుసరిస్తున్నారు. ప్రజలకు ఆసక్తి లేదన్న మాటకు ఇంతకంటే గట్టి జవాబు అక్కర్లేదు.

హెచ్చరికలు ఎక్కువైతే చివరికి ‘నాన్నా పులి’ కథే అవుతుందన్నది రెండో అభ్యంతరం. రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు ఎండ కాస్తే మరోసారి ఎవరు నమ్ముతారని అడుగుతారు. నమ్మకం పోయేది అంచనా తప్పినందుకు కాదు, తప్పడానికి ఎంత ఆస్కారం ఉందో ముందు చెప్పనందుకు, తప్పాక ఎందుకు తప్పిందో వివరించనందుకు. తుపాను మార్గాన్ని 24 గంటల ముందు చెప్పే అంచనాలో సగటు తేడా 75 కిలోమీటర్ల దాకా ఉందంటే, అది ఇంచుమించు బాపట్లకూ మచిలీపట్నానికీ మధ్య ఉన్న దూరం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వేళ పటం మీద ఒక్క చుక్క పెట్టి ఊరి పేరు చెప్పకుండా, ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరి వరకు ఎక్కడైనా దాటవచ్చని చెబితే, మచిలీపట్నంవారు జాగ్రత్తపడినా మోసపోయామనుకోరు. పైగా తీరం దాటే చోటు మీదే చూపంతా నిలిపితే మరో పొరపాటు జరుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఒడిశాలో ఎక్కువ ప్రాణాలు పోయింది తీరానికి దూరంగా ఉన్న గజపతి జిల్లా కొండల్లో, వాన తెచ్చిన కొండచరియల కింద. గాలి తగ్గగానే గండం గడిచిందనుకోవద్దని, వాన ఇంకా మిగిలే ఉందని చెప్పడం కూడా వివరణలో భాగమే.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. ఎంత వివరించినా పేదవాడికి ఎంచుకునే వీలేది? ఎండ ప్రమాదమని తెలిసినా ఆ రోజు కూలి మానితే పొయ్యి వెలగదు. వాగు పక్కన ఉండొద్దని తెలిసినా మరోచోట స్థలం లేదు. ఇది పూర్తిగా నిజం. ‘బయటికి రావద్దు, నీళ్లు తాగండి’ అని ఊరుకునే హెచ్చరిక బాధ్యతను బాధితుడి నెత్తిన రుద్దడమే అవుతుంది. వివరణ ఎదురుగా ఉన్న మనిషికే కాదు, ప్రభుత్వానికీ పని చెప్పేలా ఉండాలన్నది అందుకే. వేసవిలో ఉపాధి హామీ పనులను ఉదయం వేళలకు మార్చడం ఇందుకు మంచి నమూనా. కూలి పోకుండా ముప్పు తగ్గింది. నారింజ రంగు హెచ్చరిక వచ్చిన రోజు నిర్మాణ పనుల వేళలు ఎవరు మార్చాలి, నీడా నీళ్లూ ఓఆర్‌ఎస్ ఎవరు అందించాలి, ఏ ఆరోగ్య కార్యకర్త ఏ ఒంటరి వృద్ధులను చూసి రావాలి అన్నవి బహిరంగంగా రాసి ఉంటే, అది జరగనప్పుడు ఎవరిని అడగాలో జనానికి తెలుస్తుంది. అర్థమయ్యేలా చెప్పిన హెచ్చరిక పేదవాడి చేతిలో హక్కుగా మారుతుంది.

కాబట్టి చేయవలసింది స్పష్టంగానే ఉంది. ప్రతి హెచ్చరికలో ఏం జరగబోతోంది, ఎవరికి ముప్పు, ఎప్పటిలోగా ఏం చేయాలి, ఎవరిని సంప్రదించాలి అన్న నాలుగూ తెలుగులో తప్పనిసరి కావాలి. కొలతలను తీసేయనక్కర్లేదు, వాటి పక్కనే వాటి ఫలితమూ ఉండాలి. వాన, కాలువ, కాలనీ వివరాలను కలిపి చెప్పే ఉమ్మడి కేంద్రాలు జిల్లాకొకటి ఏర్పడాలి. ఎంత వానకు, ఎంత వరదకు ఏ వీధిలో ఎంత నీరు నిలుస్తుందో చూపే పటాలు వార్డు సచివాలయం గోడ మీద వేసవిలోనే కనిపించాలి. మూసేసిన జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను తిరిగి తెరిచి, రైతు సేవా కేంద్రాలతో ముడిపెట్టాలి. సందేశాలను విడుదల చేయకముందే కూలీలు, మత్స్యకారులు, గిరిజన గూడేల మహిళలతో చదివించి, వారికి ఏం అర్థమైందో అడిగి సరిదిద్దాలి. ఫోన్ సందేశంతో పాటు ఊరి చాటింపునూ గుడి, మసీదు, చర్చి మైకులనూ వాడుకోవాలి. ప్రతి పెద్ద విపత్తు తర్వాత ఏం అంచనా వేశాం, ఏం జరిగింది, ఎక్కడ చెప్పలేకపోయాం అన్న నివేదిక నెల రోజుల్లో ప్రజల ముందుంచాలి. విద్యుత్ బిల్లులోని ప్రతి అదనపు వరుసకూ అది ఎందుకు పడిందో మూడు వాక్యాల వివరణను నియంత్రణ మండళ్లు తప్పనిసరి చేయాలి. పత్రికలూ ఛానళ్లూ వాతావరణాన్ని చదివి వినిపించే అంశంగా కాక, విలేకరికి శిక్షణ ఇచ్చి రాయించవలసిన రంగంగా చూడాలి.

వీటిలో దేనికీ కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. ఒక్క డాప్లర్ రాడార్‌కు కోట్లు ఖర్చుపెట్టడానికి వెనుకాడని ప్రభుత్వాలు, అది చూసినదాన్ని ప్రజలకు చెప్పే మనుషుల జీతాల దగ్గర లెక్కలు చూసుకోవడం సమంజసం కాదు. పౌరులు కూడా తమ వంతుగా అడగడం మొదలుపెట్టాలి. రేపు మీ జిల్లాకు నారింజ హెచ్చరిక వచ్చినప్పుడు, ‘మా వార్డులో దీని అర్థమేమిటి, మీరేం చేస్తున్నారు, మేమేం చేయాలి’ అని సచివాలయాన్నీ కార్పొరేటర్‌నూ సర్పంచ్‌నూ అడగండి. జవాబు వచ్చేదాకా ఆ హెచ్చరిక పూర్తిగా అందనట్టే లెక్క.